కాయ వద్దన్న చెట్లు

మాల్దీవుల నుంచి వచ్చిన మర్నాడు ఢిల్లేశ్వరరావు మంచం జరిపాడు.

నులకమంచం ఇంటి ముందు కొబ్బరిచెట్టు మొదట్లో ఉండేది. దాని మీద కూర్చుని అతని భార్య దేవి బియ్యం ఏరుతుంది. కూతురు లక్ష్మీప్రియ కాలేజీ నుంచి వచ్చి దాని మీదే నడుం వాలుస్తుంది. అతను దాన్ని రెండు చేతులా పట్టుకుని ఎండలోకి లాగాడు.

"అక్కడ ఎండ కదేటి, బావా" అంది దేవి.

"పైన కాయుంది."

"కొబ్బరిసెట్టుకి కాయుండక మరేటుంటాది?"

సాయంత్రానికి మంచం మళ్ళీ నీడలోకి వచ్చింది. పొద్దున అతను మళ్ళీ లాగాడు. వాళ్ళిద్దరూ దాని గురించి ఇంకేమీ మాట్లాడుకోలేదు. మంచమే అటూ ఇటూ తిరిగింది.

వీధిలో నడిచినా అతని చూపు పైకే. చెట్టు కింద మనిషి కూర్చుని ఉంటే కొంచెం అటు జరగమనేవాడు. ముసలివాళ్ళు నవ్వేవారు. అతని అత్త సింహాచలమ్మ మాత్రం నవ్వలేదు.

"కాయకి మూడు కళ్ళున్నాయిరా. సూసే పడతాది" అంది.

సింహాచలమ్మ అతని తండ్రికి చెల్లెలు. ఇప్పుడు భార్యకు తల్లి కూడా. అందుకే ఆమె అతన్ని అల్లుడని మన్నించదు. ఒరే అనే పిలుస్తుంది.

ఊరు ఉద్దానం అనే కొబ్బరితోటల సీమలో, మందసకీ సముద్రానికీ మధ్య ఉంది. ఇసుక నేల. ఢిల్లేశ్వరరావుది చెట్టెక్కే ఇల్లు. తాత ఎక్కాడు. తండ్రి ఎక్కాడు, ఉద్దానంలో చాలామంది పోయినట్టే కిడ్నీలు పాడై పోయే వరకూ. కాళ్ళకి తాడు బందం వేసుకుని, నడుముకి కత్తి దోపుకుని, ఢిల్లేశ్వరరావు మీసాలు రాకముందే ఎక్కాడు. కత్తి వెనక వైపుతో కాయని తడితే అది ముదిరిందో లేదో వినపడుతుంది. ముదిరిన గెలలు దింపాలి. వాటి పైనున్న గెల, అది ముదిరినా సరే, వదిలి రావాలి. ఊళ్ళో దాన్ని ఒగ్గిన గెల అంటారు. ఎందుకు వదలాలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. చెట్టు తల బోడిగా ఉండకూడదని కొందరు. ఉడతకీ కాకికీ అని కొందరు. తండ్రిని అడిగితే, "మళ్ళా వత్తానని సెట్టుకి సెప్పొద్దా" అన్నాడు.

తిత్లీ తుఫాను వచ్చిన పొద్దున ఉద్దానం నేల మీద పడుకుంది. తోటల్లో చెట్లన్నీ ఒకే వైపుకి వాలి ఉన్నాయి, ఎవరో దువ్వినట్టు. ఇళ్ళ మధ్య, గోడల చాటున ఉన్నవి కొన్ని నిలిచాయి. చెట్టెక్కేవాడికి ఎక్కడానికి చెట్టు లేకుండా పోయింది. అతను కొన్నాళ్ళు రంపం పట్టి, తను ఎక్కిన చెట్లనే ముక్కలు కోశాడు. అదీ అయిపోయింది. తర్వాత టెక్కలిలో ఒక ఏజెంటు అడిగాడు.

"కొబ్బరిసెట్టు ఎక్కుతావా? ఓ దేశం ఉంది. అందులో కొబ్బరిసెట్లూ సముద్రమూ తప్ప ఇంకేటీ నేవు."

అలాంటి దేశానికి తనెందుకని ఢిల్లేశ్వరరావు అడగలేదు.

అది చదునైన దేశం. మహేంద్రగిరిని చూస్తూ పెరిగిన కంటికి ఆనుకోవడానికి ఏమీ దొరకలేదు. అతని ద్వీపంలో ఒక ఒడ్డున నిలబడితే చెట్ల సందుల్లోంచి ఇంకో ఒడ్డు కనపడుతుంది. ఎటు నడిచినా నీళ్ళే అడ్డం వచ్చేవి. ద్వీపం మొత్తం ఒక హోటలు. హోటలుకి చెట్టు కావాలి, కాయ వద్దు. కింద విదేశీయులు పడుకుని ఉంటారు. కాయ పడితే తల పగులుతుంది. అందుకని కాయ కాయగా మారక ముందే తీసేయాలి. పిందెలు, పూత, ఇంకా విచ్చుకోని పూగెల, అన్నీ. వంటింటికి కొబ్బరికాయలు వేరే చోటి నుంచి పడవ మీద వచ్చేవి.

మొదటి వారం అతను చెట్టుకో గెల వదిలాడు. మేస్త్రీ సునీల్, శ్రీలంక వాడు, కింద నిలబడి తల పైకెత్తి చూసి మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ ఎక్కడం అలవాటు లేని పని. రెండోసారి ఎక్కించుకోకుండా ఉండడం అతను త్వరగానే నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి చూడకుండానే కోసేవాడు. చెయ్యి దానంతట అదే చుట్టూ తిరిగి వచ్చేది.

అక్కడ ప్రతి పనికీ ఒక దేశం ఉండేది. వంట లంక వాళ్ళది. తోట బంగ్లాదేశ్ వాళ్ళది. గేటు నేపాల్ వాళ్ళది. కంప్యూటర్ల ముందు కేరళ వాళ్ళు. ఆ దేశపు మనిషి ఒకడే కనపడేవాడు, పడవ నడిపేవాడు. అతను పడవ దిగేవాడు కాదు. కూలీల గదులు ద్వీపం వెనక, దట్టమైన పొదల చాటున ఉండేవి. ఒక గది దాటి ఇంకో గదిలోకి వెళితే నూనె వాసన మారేది. ఆవనూనె గది, కొబ్బరినూనె గది. అన్నం మాత్రం అందరిదీ ఒకటే. ఢిల్లేశ్వరరావుని ఏ గదిలో పెట్టాలో వాళ్ళకి తెలియలేదు. తెలుగువాళ్ళకి గది లేదు. చివరికి ఆవనూనె గదిలో చోటు దొరికింది.

ఆ గదిలో అతని పక్క మంచం మొఫిజుల్‌ది. మొఫిజుల్ కింద నిలబడి పడిన పిందెలు ఏరేవాడు. పైన ఏదైనా మిగిలితే కింది నుంచి కేకేసేవాడు. గాలిలో మాట తెలియదు, కేక తెలుస్తుంది. కేక వినపడిందంటే ఇంకోటి ఉందని. ఢిల్లేశ్వరరావు దాన్ని వెతికి కోసేవాడు.

మొఫిజుల్‌ది బంగ్లాదేశ్‌లో భోలా అనే చోటు. "మా ఊరు పోయింది" అనేవాడు. మనుషులు వలస పోయి ఊరు ఖాళీ అయిందేమో అనుకున్నాడు ఢిల్లేశ్వరరావు. అది కాదు. నేల విరిగి నదిలో పడింది. ఊరెక్కడ అని అడిగితే మొఫిజుల్ ఫోన్‌లో మ్యాపు తెరిచి నీళ్ళ మీద వేలు పెట్టేవాడు.

ఒకరోజు బట్టలు ఉతుక్కుంటూ మొఫిజుల్ అడిగాడు. "నీవి చెట్లే కదా పడ్డాయి. నేల ఉందిగా?"

"ఉంది."

"నేలున్నవాడివి ఇక్కడేం చేస్తున్నావు?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగాడు. ఢిల్లేశ్వరరావు చొక్కా పిండి తాడు మీద ఆరేశాడు. అంతకు ముందు రెండుసార్లు సెలవు మీద ఇంటికి వచ్చి, ఉండలేక, సెలవు పూర్తికాకుండానే వెళ్ళిపోయిన వాడు అతను. ఈసారి సునీల్‌తో మళ్ళీ రానని చెప్పేశాడు. "అందరూ అలాగే అంటారు" అన్నాడు సునీల్.

ఊళ్ళో తుఫాను తర్వాత నాటిన మొక్కలు కాపుకొచ్చాయి. కాని పొట్టివి. నేల మీద నిలబడి చేత్తో కోసుకోవచ్చు. వాటికి చెట్టెక్కేవాడితో పని లేదు. ఇళ్ళ మధ్య నిలిచిన పాత చెట్లకి మాత్రం ఉంది. వాటిని దింపడానికి ఒడిశాలోని గంజాం వైపు నుంచి పూర్ణచంద్ర బెహెరా అనే మనిషి వచ్చి ఊళ్ళోనే గది తీసుకుని ఉంటున్నాడు. అందరూ పూర్ణో అంటారు. ఢిల్లేశ్వరరావు వేసుకున్న లెక్క ఇది: పాత చెట్లు కొన్ని తన చేతికొస్తే ఇప్పటికి ఇల్లు గడుస్తుంది. ఈలోగా కొత్త చెట్లు మనిషి చేతిని దాటి పెరుగుతాయి. అప్పుడు ఊరికి ఒకడు చాలడు.

ఏ చెట్టు ఎవరి చేతికి రావాలన్నది సింహాచలమ్మ చెట్టు మీద ఆధారపడి ఉంది.

ఆమె తోటలో తుఫానుకి మిగిలింది ఒకే చెట్టు. మొదలు పడమటికి వంగింది. నడినెత్తిన లేత మట్టలు పుట్టే మొవ్వ మెలిపడింది. ఏళ్ళ తరబడి కాయలేదు. కొడుకు త్రినాథరావు, కంచిలిలో కొబ్బరి వ్యాపారం చేసేవాడు, దాన్ని కొట్టించడానికి రంపం వాళ్ళని తెచ్చాడు. ఆమె వాళ్ళకి టీ ఇచ్చి పంపేసింది. నిరుడు ఏవో నాలుగు కాయలు కాసింది. ఈ ఏడు గెలలు దిగాయి. పూర్ణోని ఎక్కనివ్వలేదు.

"అది మా అన్న ఎక్కిన సెట్టు. ఢిల్లేసు వచ్చి ఎక్కుతాడు" అంది.

ఆమె తన చెట్టు ఎవరికిస్తే ఊరంతా అతన్నే పిలుస్తుంది. ఈ ఒక్క చెట్టు సవ్యంగా దింపితే అతను ఊళ్ళో ఉండిపోవచ్చు. ఈ సంగతి అతనికి తెలుసు, దేవికి తెలుసు. లక్ష్మీప్రియ ఆ పూట కాలేజీ మానేసి వచ్చింది.

అతను బందం వేసుకుని ఎక్కాడు. వంగిన చెట్టు ఎక్కడం నిటారు చెట్టు కన్నా కష్టం, బరువు పక్కకి లాగుతుంది. కాళ్ళు మరిచిపోలేదు. పైకి వెళ్ళేసరికి గాలి పట్టుకుంది. మట్టల మధ్య కూర్చున్నాడు. గెలలు చుట్టూ బరువుగా ఉన్నాయి. కత్తి తీశాడు.

ముదిరిన గెల దిగింది. ఇంకోటి. కింద ఇసుకలో చప్పుడైనప్పుడల్లా ఒంట్లో ఏదో సర్దుకున్నట్టయింది. ఎన్నో రోజుల తర్వాత చేతికి పని దొరికింది. చెయ్యి వేగం అందుకుంది. అతను సముద్రం వైపు చూస్తున్నాడు. చెయ్యి చుట్టూ తిరుగుతోంది.

కింద నుంచి కేక వినపడింది. అతను వెతికాడు. మట్ట వెనక పచ్చి గెల ఒకటి ఉంది. కోశాడు. మళ్ళీ కేక, ఈసారి ఇద్దరిది. ఇంకా ఏదో మిగిలింది. లోపలికి చెయ్యి పెట్టి, మొవ్వ పక్కన మూసుకుని ఉన్న పూగెలని మొదలంటా కోసి పడేశాడు. కేకలు ఆగిపోయాయి. అయిపోయిందన్నమాట. ఎండిన మట్టలు రెండు కూడా తీసి, చెట్టు మెడ శుభ్రం చేసి దిగాడు.

దిగేటప్పుడు అతని మొహం ప్రశాంతంగా ఉందని దేవి తర్వాత అంది.

నేల మీద కాళ్ళు పెట్టి తల పైకెత్తి చూశాడు. చెట్టు హోటలు గోడ మీది బొమ్మలా ఉంది. నున్నగా, తేలిగ్గా. అప్పుడు కిందికి చూశాడు. ఇసుక నిండా పిందెలు. సింహాచలమ్మ వాటి మధ్య గొంతుక్కూర్చుని ఉంది. ఒక పిందె తీసుకుని బొటనవేలితో దాని తొడిమె రాసింది.

"దీన్ని నన్నేటి సేసుకోమంటావురా" అంది. గొంతు పెంచలేదు.

అతను కత్తి నడుముకి దోపుకున్నాడు.

"గాలివాన దీన్ని ఒగ్గేసింది" అన్నాడు త్రినాథరావు. "నువ్వు ఒగ్గలేదు, బావా."

లక్ష్మీప్రియ పిందెలు ఏరి గంపలో వేయబోయింది. "ఒగ్గేయే, వాటినేటి సేత్తావు" అని దేవి ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఊళ్ళో మాట నడవడానికి ఎంతోసేపు పట్టదు. సాయంత్రానికి దాని పేరు, మాల్దీవుల రాజధాని మీదుగా, మాలే కోత. కిళ్ళీబడ్డీ దగ్గర కొండబాబు, వరసకి బావ, అతన్ని కూర్చోబెట్టి సోడా ఇప్పించి మరీ అడిగాడు.

"మా ఇంటి సెట్టుకి రావద్దు గాని బావా, మా నాయినకి తిరుపతి మొక్కుంది. గుండు గీత్తావేటి? అంత బండి ఖర్చెందుకని."

అందరూ నవ్వారు. ఢిల్లేశ్వరరావూ నవ్వాడు. సోడా సగం తాగి లేచాడు.

చెట్లకి ఎవరూ పిలవలేదు. తిట్టలేదు కూడా. పూర్ణో తన పని తను చేసుకుంటున్నాడు. ఒకరోజు దారిలో ఎదురైతే ఢిల్లేశ్వరరావే ఆపాడు. ఇద్దరూ చెరువుగట్టు మీద బీడీ కాల్చారు.

"మీ ఊళ్ళో సెట్లు నేవేటి, ఇంత దూరం వచ్చినావు?"

"ఉన్నాయి" అన్నాడు పూర్ణో. అతని తెలుగు ఒడియా మీద నడుస్తుంది. "ఎక్కేవాళ్ళందరూ సూరత్ ఎల్లిపోయారు. మగ్గాల మీద పని."

"మరి ఎవులు దింపుతారు?"

"ఎవరూ దింపరు. ముదిరి పడితే ముసలోళ్ళు ఏరుకుంటారు." కొంచెం ఆగి అన్నాడు. "మీ అత్త సెట్టు నాకు సూపించినాది. నన్ను ఎక్కమంది. నాను ఎక్కలేదు. కొయ్యడానికి ఏటుంది?"

ఢిల్లేశ్వరరావు ఇంట్లో నిలవడం మానేశాడు. పొద్దునే లేచి ఎటో నడిచేవాడు. ఒకరోజు సముద్రం దాకా. ఒకరోజు పూండి స్టేషను దాకా. రైళ్ళు ఆగేవి, కదిలేవి. చెన్నై పోయేవాళ్ళు సంచులతో ఎక్కేవారు. ఎవరో దిగేవారు. ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ చూసి, ఏ పనీ లేనివాడు తనొక్కడే అనిపించి, లేచి మళ్ళీ నడిచేవాడు. అక్కడి నుంచే ఒక మధ్యాహ్నం సునీల్‌కి ఫోన్ చేశాడు. అవతల సునీల్ చాలాసేపు నవ్వాడు. తర్వాత నెలాఖరులోగా వస్తే చోటుందన్నాడు.

ఆ సాయంత్రం దేవి బ్యాగు చూసింది. పందిరి కింద, జిప్పు వేసి ఉంది.

"ఎల్తన్నావా?"

"తెల్దు."

"తెలకపోతే బేగెందుకు సర్దినావు?"

"ఊరికే."

దేవి బియ్యం చేట పక్కన పెట్టింది. "సూడు బావా. ఎల్తే ఎల్లు. నాను అడ్డుపడను. నువ్వు ఎల్లినప్పుడు ఇల్లు ఒకలాగ నడుత్తాది, ఉన్నప్పుడు ఒకలాగ నడుత్తాది. రెండూ నాకు అలవాటే. ఇలగ సగం ఎల్లి సగం ఉండీది మాత్రం నావల్ల కాదు. ఆ మంచం ఎక్కడుంచాలో కూడా తెల్డం లేదు."

అతను మర్నాడు పలాస బస్సెక్కాడు. పని ఉండి కాదు. బస్సు కదులుతుంటే మనసు కొంచెం కుదుటపడేది, అందుకు. కాశీబుగ్గలో దిగి, కూలీలు నిలబడే కూడలిలో నిలబడ్డాడు. భుజాన అలవాటుగా తాడు, సంచిలో కత్తి. చుట్టూ బెంగాల్ నుంచి, బీహార్ నుంచి వచ్చిన తాపీ పనివాళ్ళు, ఒడిశా నుంచి జీడిపప్పు కార్ఖానాలకి వచ్చినవాళ్ళు. ఎవరో బంగ్లా భాషలో మాట్లాడుతుంటే అతని తల అటు తిరిగింది. జవాబు కూడా చెప్పాడు. వాళ్ళు చోటిచ్చారు. ఆ గుంపులో నిలబడ్డాక అతని కాళ్ళు కొంచెం కుదురుకున్నాయి. సొంత జిల్లాలో, ఇంటికి గంట దూరంలో, పరాయివాళ్ళ మధ్య.

స్కూటీ మీద ఒకామె వచ్చి ఆగింది. బ్యాప్టిస్టు చర్చి వీధిలో ఉండే టీచరు ఇవాంజెలిన్. ఆమె అతని తాడు చూసింది.

"కోకోనట్ ట్రీ? చడ్‌తా?" అంది హిందీలో.

"చడ్‌తా, మేడమ్."

"పూరా కాట్‌నా. ఏక్ భీ నహీ రఖ్‌నా. సమ్‌ఝా?"

సమ్‌ఝా అన్నాడు. అన్నీ కోసేయాలి, ఒక్కటీ ఉంచకూడదు. అంతకన్నా బాగా అర్థమయ్యే మాట ఆ నెలలో అతనితో ఎవరూ అనలేదు.

ఆమె ఇంట్లో ప్రహరీ పక్కన పొడుగాటి చెట్టు ఉంది. ఒక మట్ట కరెంటు తీగ మీదికి, గెలలు కారు మీదికి. కారు అద్దం ఒకటి అప్పటికే పగిలి, ప్లాస్టర్ అంటించి ఉంది. వీధిలో బడి పిల్లలు నడుస్తారు. ఆమె హిందీలో ఇవన్నీ చెప్పడానికి చాలా కష్టపడింది. అతను తల ఊపాడు. సగం ఎక్కాక కిందికి చూసి అన్నాడు.

"కారు తీయించండమ్మా. పిందె పడినా సొట్ట పడతాది."

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "తెలుగోడివా? ఇంతసేపూ నాతో హిందీ పరీక్ష రాయిస్తున్నావా?"

"మీరే మొదలెట్టినారు కదండి."

"ఏ ఊరు?"

"మందస అవతల."

"మరి ఆ కూడలిలో వాళ్ళతో ఎందుకు నిలబడ్డావు?"

అతను మిగతా సగం ఎక్కేశాడు. చెయ్యి చుట్టూ తిరిగింది. కింద ఒక్క ఆకు కూడా వంకరగా పడలేదు. దిగాక ఆమె చెట్టుని చాలాసేపు చూసింది.

"బావుంది" అంది. "ఇప్పుడు భయం లేదు. ఎప్పుడు మళ్ళీ రావాలి?"

ఊళ్ళో చెట్టు చూసి ఎవరూ అనని మాట ఒక పరాయి ఇంట్లో దొరికింది. అది సంతోషమో కాదో అతనికి తెలియలేదు. చేతులు కడుక్కుని వచ్చేశాడు.

ఆమె పక్కింటికి చెప్పింది. వాళ్ళు ఎదురింటికి. కాశీబుగ్గలో, పలాసలో, ఒకప్పుడు తోటలుగా ఉండి ఇప్పుడు ఇళ్ళుగా మారిన వీధుల్లో, అలాంటి చెట్లు చాలా ఉన్నాయి. తోట పోయి చెట్టు మిగిలింది. కింద కారు, బైకు, రేకుల షెడ్డు వచ్చాయి. చెట్టు కొట్టడానికి మనసు రాదు. కాయ అంటే భయం. ఆసుపత్రి ఆవరణలో ఒకటి. చర్చి వెనక వరసగా కొన్ని. పూర్ణో లాంటి వాళ్ళని పిలిస్తే గెల వదిలేసి వెళ్ళేవారట. మంచిది కాదనేవారట. వీళ్ళకి కావలసినవాడు ఊరు నవ్విన ఢిల్లేశ్వరరావే.

అతను రోజూ పొద్దున బస్సెక్కి సాయంత్రం దిగడం మొదలుపెట్టాడు. కూడలిలో పాత చోటే నిలబడేవాడు. ఫోన్ చేసి పిలిచే ఇళ్ళు ఉన్నా, అక్కడ కొంచెంసేపు నిలబడి వెళ్ళేవాడు.

సింహాచలమ్మకి సంగతి తెలిసింది. వాకిట్లో చీపుళ్ళకి ఈనెలు గీస్తూ అడిగింది.

"కాయ వద్దనీ ఇల్లులు మన పలాసలోనూ ఉన్నాయేటి?"

"శానా ఉన్నాయత్తా."

"మరి సెట్టెందుకు వాల్లకి?"

"నీడకి."

"నీడకి ఏపసెట్టు నేదేటి?" ఈనె గీయడం ఆపలేదు. "అక్కడికెళ్ళి నేర్చుకున్న పనికి ఇక్కడ గిరాకీ వచ్చిందంటే, అక్కడే ఇక్కడికి వచ్చేసిందన్నమాట."

ఆ మాటకి అతను గుమ్మంలోంచి లేచాడు. కూర్చోలేకపోయాడు. పలాసలో చెట్టు మీద ఉన్నప్పుడు కూడా ఆ మాటే తిరిగేది. ఇల్లు గడుస్తోంది. రాత్రికి సొంత కంచంలో తింటున్నాడు. అయినా పొద్దున బస్సు కిటికీ పక్కన కూర్చుంటే పడవలో కూర్చున్నట్టుండేది. కింద ఎవరి ఊరో, పైన ఎవరి చెట్టో.

నెలాఖరు ఒక మంగళవారం వచ్చింది. ఆ రోజు అతను చర్చి వెనక చెట్టు మీద ఉన్నాడు. కింద చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది. ఎవరో అతనికి తెలుసు. దిగి తీయవచ్చు. సగంలో వదిలి వెళ్ళిపోవడం అతనికి కొత్త కాదు. అతను కత్తి పట్టుకుని, చెట్టు మెడ మీద నుదురు ఆనించి, అది ఆగేదాకా ఉన్నాడు.

సాయంత్రం మొఫిజుల్ ఫోన్‌లో గొంతు రికార్డు చేసి పంపాడు. ఢిల్లేశ్వరరావు చోటుకి బీహార్ కుర్రాడు వచ్చాడట. సముద్రం చూడడం అదే మొదటిసారట. వాంతులు చేసుకుంటున్నాడట. "నువ్వు నేల మీదే ఉన్నావా?" అని అడిగి ఆగాడు. బస్సులో అందరి మధ్య ఆ గొంతు వినడానికి సిగ్గుపడి ఢిల్లేశ్వరరావు ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. ఉన్నానని టైపు చేసి పంపాడు. ఇంటికి వెళ్ళి దేవితో, "ఎల్లడం నేదు" అన్నాడు.

"ఈసారికా?"

"ఎల్లడం నేదు."

ఆమె బ్యాగులోంచి బట్టలు తీసి దండెం మీద వేసింది. ఆ తర్వాత కూడా అతను పొద్దునే లేచి వీధి చివరిదాకా వెళ్ళి, ఎందుకు వచ్చాడో తెలియనట్టు నిలబడి, తిరిగి వచ్చేవాడు.

వర్షాలు మొదలయ్యాక ఒక పొద్దున సింహాచలమ్మ కబురు పెట్టింది. అతను వెళ్ళేసరికి తోటలో పొట్టి చెట్ల మధ్య నిలబడి ఉంది. వంగిన చెట్టు వైపు చెయ్యి చూపింది.

"ఎక్కు. కత్తి ఇలాగ ఇచ్చేసి ఎక్కు."

అతను ఇచ్చాడు. చెట్టు తడిగా ఉంది. నెమ్మదిగా వెళ్ళాడు. పైన గాలి ఎప్పటిలాగే ఉంది.

"ఏటి కనబడతంది?" అని అరిచింది కింది నుంచి. ఈసారి మాట కూడా తెలిసింది.

"సముద్రం."

"సముద్రం నాకెందుకురా. మొవ్వలో సూడు."

అతను మట్టలు తప్పించి చూశాడు. బోడి చేసిన చోట మోడులు ఎండి నల్లబడ్డాయి. వాటి పైన, లేత మట్ట చంకలో, కొత్త పూగెల పొడుచుకొచ్చింది. పచ్చగా, గట్టిగా, గుప్పిట మూసినట్టుంది. దాని మీద చీమలు నడుస్తున్నాయి.

"పూగెల వచ్చిందత్తా."

"ఇచ్చుకుందేటి?"

"నేదు. మూసే ఉంది."

"కాయ దిగడానికి ఎన్నాళ్ళు పడతాది?"

ఉద్దానంలో పుట్టినవాళ్ళెవరికైనా అది తెలుసు. ఆమెకి అందరికన్నా ఎక్కువ తెలుసు. అతను చెప్పే దాకా ఆమె కదిలేలా లేదు.

"ఇప్పుడు ఇచ్చుకున్నా, ముదిరీసరికి మళ్ళా ఏడాది" అన్నాడు.

"అయితే అప్పుడొచ్చి దింపు."

ఆమె కత్తిని కొంగులో చుట్టుకుని పొట్టి చెట్ల మధ్యకి వెళ్ళిపోయింది. ఒక చెట్టు దగ్గర ఆగి, నిలబడిన చోటు నుంచే కాయని తట్టి చూసింది. పైన అతను వెంటనే దిగలేదు. ఒక చేత్తో మట్ట పట్టుకున్నాడు. రెండో చేతిని ఎక్కడ పెట్టాలో తెలియక, కాసేపు గాలిలోనే ఉంచాడు.